ఎర్రబడని వేలు

ఆగస్టు 4, సోమవారం. ఉదయం

పాపాయికి జ్వరం తగ్గలేదు. గొంతు నొప్పి కూడా అలాగే ఉంది.

పాపాయంటే మా ఆడపడుచు. నలభై మూడేళ్లు వచ్చినా ఇంట్లో అందరికీ పాపాయే. మేడ మీద గది ఆమెది, కింద ముందుగదిలో ఆమె కుట్టు మిషన్లు. ఉప్పునీళ్లు పుక్కిలించి మళ్లీ మిషన్ ముందు కూర్చుంటోంది. డాక్టర్ దగ్గరికి పదమంటే, వంటింటి డబ్బాలకి అంటించినట్టు నా రోగానికీ ఒక లేబుల్ అంటిస్తే గానీ నీకు తోచదా వదినా, గొంతు నొప్పికి ఎవరైనా ఆస్పత్రికి పోతారా అంది.

గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చింది. నెలన్నర కిందట థైరాయిడ్ మరీ ఎక్కువైందని, తగ్గించే టాబ్లెట్ మొదలుపెట్టిన రోజున డాక్టర్ గట్టిగా చెప్పాడు. వెయ్యిమందిలో ఏ ఇద్దరు ముగ్గురికో ఇది పడదు, జ్వరం గాని గొంతు నొప్పి గాని వస్తే ఆ రోజే ఆపేసి రక్తపరీక్ష చేయించుకోండి అని. పాపాయి ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. నేనూ మరిచిపోయాను. సబ్బు చేతులతోనే ముందుగదిలోకి పరిగెత్తి మిషన్ స్విచ్ ఆపేశాను.

సాయంత్రం

రిపోర్ట్ రాకముందే ల్యాబ్ నుంచి ఫోన్. ఈ రక్తం ఇచ్చినావిడ ఇప్పుడెక్కడున్నారు, ఎలా ఉన్నారు అని అడిగారు. తమ యంత్రం పాడైందేమోనని రెండోసారి కూడా వేసి చూశారట. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అని ఒక రకం ఉంటుంది. పాపాయి రక్తంలో అవి లేవు. అసలు లేవు.

వెంటనే అడ్మిట్ చేయమన్నారు. మా ఆయన ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి నా చెప్పు వేసుకుని బయల్దేరాడు.

ఆగస్టు 5, మంగళవారం

ఐసొలేషన్ గది. రెండు తలుపులు, ఒకటి మూశాకే ఇంకోటి తెరవాలి. లోపల నీలం స్లిప్పర్లు, కాలితో నొక్కితే తెరుచుకునే చెత్తబుట్ట, తెరవడానికి వీల్లేని కిటికీ. పూలు వద్దు, కోసిన పళ్లు వద్దు, చూడొచ్చేవాళ్లు వద్దు. తోడుగా ఒక్కరు ఉండొచ్చు. మా ఆయన తానుంటానన్నాడు. అన్నయ్య ఉంటే నేనే లేచి వాడికి సేవ చెయ్యాలి, వదిన ఉంటుంది అంది పాపాయి. అంత జ్వరంలోనూ ఆ నోటికి మాత్రం సెలవు లేదు.

పెద్ద డాక్టరమ్మ పొట్టి మనిషి. స్టూలు మీద కూర్చుంటే కాళ్లు నేలకి ఆనలేదు. అన్నీ అడిగాను, అన్నీ చెప్పింది. ఎముకల లోపలి మూలుగలో ఈ కణాలు తయారవుతాయట, రోజుకి కోట్లకు కోట్లు. రక్తంలోకి వచ్చాక ఒక్కరోజు బతికితే గొప్ప. ఆ టాబ్లెట్ పడక పాపాయి మూలుగలో తయారీ ఆగిపోయింది. అంటే ఇవి నిలవ ఉండేవి కావు, ఏ పూటకాపూట వండుకోవాలి, ఇప్పుడు పొయ్యి ఆరిపోయింది, అంతేనా అన్నాను. అంతేనమ్మా, ఈ ఇంజెక్షన్ పొయ్యి రాజేయడానికి, అది రాజుకునేదాకా కాపలాకి డ్రిప్‌లో యాంటీబయాటిక్ అంది. వారం పట్టొచ్చు, పది రోజులు పట్టొచ్చు. ఈలోగా ఏ క్రిమైనా ముందుగా గెలిస్తే అని మొదలుపెట్టి, ఆ మాట పూర్తి చేయలేదు.

పోయిన గురువారం మిషన్ సూది పాపాయి ఎడమ చూపుడువేల్లో దిగింది. డాక్టరమ్మ అక్కడ నొక్కితే పాపాయి కెవ్వుమంది. వేలు మాత్రం తెల్లగా, చల్లగా, తనకేమీ తెలియనట్టు ఉంది. ఎరుపు, వాపు, వేడి చాలామటుకు మన ఒళ్లు చేసే పనేనట. క్రిమి దూరిన చోట రక్తనాళాలు వెడల్పవుతాయి, గోడలు వదులవుతాయి, ఈ కణాలు గుంపులుగా దిగి క్రిముల్ని మింగి చస్తాయి. ఆ చచ్చినవే చీము. పాపాయి వేల్లో క్రిమి దూరింది గానీ, ఏమిటని అడగడానికి అక్కడ ఒక్కరూ లేరు. అందుకే, ఎరుపు కోసం చూస్తూ కూర్చోకండి, రోజూ ఎక్కడ నొప్పో అడగండి అని నాతో చెప్పి వెళ్లింది.

ఇన్నేళ్లూ ఎర్రబడటమే జబ్బనుకున్నాను!

ఆగస్టు 6, బుధవారం

కౌంట్ సున్నా. పొయ్యిలో పిల్లి ఇంకా లేవలేదా వదినా అంది.

ఆగస్టు 7, గురువారం

సున్నా.

పైకి అనకూడదు గానీ ఇక్కడ రాసుకోవచ్చు. భయం ఒక పక్కన ఉంది, ఇంకో పక్కన నాకు చెప్పలేనంత ఉత్సాహంగా ఉంది. ఈ ఒంట్లో నలభై ఎనిమిదేళ్లు కాపురమున్నాను, ఈ ఇంటికి ఇన్ని గదులున్నాయని ఎవరూ చెప్పలేదు. నా మోకాలు నేనే నొక్కి చూసుకుంటున్నాను. ఈ ఎముకలో ఇప్పుడు, ఈ వాక్యం రాస్తున్నంతలో ఎన్ని వేలు పుట్టుంటాయి!

రాత్రంతా ఒక అనుమానం తొలిచింది. పోరాడేవాళ్లే లేకపోతే మరి జ్వరం ఎవరు తెస్తున్నారు? పొద్దున డాక్టరమ్మ స్టూలెక్కగానే అడిగాను. మంచి ప్రశ్న అంది. వేరే రకాల కణాలు ఇంకా ఉన్నాయట. క్రిమిని చూడగానే అవి కొన్ని రసాయనాలు వదులుతాయి, ఆ కబురు మెదడుకి చేరితే ఒళ్లు వేడెక్కుతుంది. గంట కొట్టేవాళ్లు కొడుతూనే ఉన్నారు, పరిగెత్తుకొచ్చేవాళ్లే లేరు.

పాపాయికి ఇదంతా చెప్పాను. కళ్లు మూసుకునే విని, నా ఒళ్లు నీకు బాగా పనికొచ్చింది వదినా, ఇంకో నాలుగు రోజులుంటే డాక్టర్ పరీక్ష రాసేసేలా ఉన్నావు అంది. పొడుగు నర్సమ్మాయి నవ్వు ఆపుకోలేక మాస్క్ సర్దుకుంది.

ఆగస్టు 8, శుక్రవారం

జ్వరం నూట నాలుగు. బీపీ పడిపోయింది. డ్రిప్ ఇంకోటి పెట్టారు, యాంటీబయాటిక్ మార్చారు. పాపాయి ఇవాళ ఒక్క జోకూ వేయలేదు.

మా ఆయన గాజు తలుపు అవతల నిలబడి చెయ్యి ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. ఇక చాలని నేనే సైగ చేశాను.

ఆగస్టు 9, శనివారం

బీపీ నిలబడింది. కౌంట్ మాత్రం సున్నా.

మధ్యాహ్నం నుంచి పాపాయికి నడుము, తుంటి ఎముకలు ఒకటే పోటు. ఎవరో లోపల రుబ్బురోలు తిప్పుతున్నట్టుందట. ఆ ఇంజెక్షన్‌కి అలా నొప్పులొస్తాయి, మూలుగ మేలుకుంటున్నా రావచ్చు అంది నర్సమ్మాయి. మేలుకుంటున్నా! ఆ ఒక్క ముక్క పట్టుకుని సాయంత్రం దాకా ఆ చిన్న గదిలో పచార్లు చేశాను. కూర్చోవే తల్లీ, నీ స్లిప్పర్ల చప్పుడుకి వచ్చేవి కూడా పారిపోతాయి అంది పాపాయి. మళ్లీ నోరు లేచింది. మంచిదే.

ఆగస్టు 10, ఆదివారం. ఉదయం 8

రోజూ పళ్లు తోమించగానే వరసగా చూస్తాను. నోరు, గొంతు, డ్రిప్ గుచ్చిన చోటు, చేతివేళ్లు, కాలివేళ్లు. ఇవాళ ఎడమచెయ్యి దుప్పట్లోంచి తీయలేదు. చలేస్తోందంది. మొహాన మాత్రం చెమటలు కారుతున్నాయి. చూపించు అన్నాను. రేపు చూద్దువులే అంది. మీ అన్నయ్యని పిలవనా అన్నాను. వాడొచ్చి ఏం చేస్తాడు, తలుపు అవతల చెయ్యి ఊపుతాడు అంది. నవ్వొచ్చింది, కానీ దుప్పటి లాగేశాను.

వేలు ఎర్రగా ఉంది. రెండింతలు వాచింది, ముట్టుకుంటే కాలుతోంది.

తెల్లవారుజాము నుంచే అలా ఉందట. ఎందుకు దాచావే అంటే కళ్లనిండా నీళ్లు. నిన్న నర్సులు మాట్లాడుకుంటుంటే విందట, ఇంకా ముదిరితే ఐసీయూకి మార్చాలని. అక్కడికి నిన్ను రానివ్వరటగా వదినా అంది.

ఆమె తల నిమురుతూనే ఉన్నాను గానీ నా కళ్లు ఆ వేలి మీదే ఉన్నాయి. ఎర్రగా. ఇంత ఎర్రగా!

ఉదయం 11

చిన్న డాక్టర్ కంగారుపడ్డాడు. ఇన్ఫెక్షన్ పాకుతోందేమో, సర్జన్‌తో కోయించాలేమో అన్నాడు. గొంతు కూడా నిన్నటికంటే నొప్పి, టాన్సిల్స్ మీద తెల్లటి పొర. ఇవాళ్టి కౌంట్ చూస్తే అదే సున్నా.

సెలవైనా డాక్టరమ్మ వచ్చింది. వేలు అటూ ఇటూ తిప్పి చూసింది. కణాలు వచ్చేశాయా అని అడిగేశాను, ఆగలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పింది. కణాలు వచ్చినా ఇలాగే ఎర్రబడుతుంది, క్రిమి గెలుస్తూ లోపలికి పాకుతున్నా ఎర్రబడొచ్చు, వేలు చూసి తేల్చేవాళ్లెవరూ లేరు. మరి రక్తంలో సున్నా అని వచ్చిందే అన్నాను. మొదట పుట్టిన గుప్పెడూ తిన్నగా వేలి దగ్గరికే పోయుంటే రక్తంలో చిక్కవు, రేపటిదాకా చూడాలి అంది. నా చేతిలో పెన్ను తీసుకుని వేలి మీద ఎరుపు ఆగిన చోట చుట్టూ గీత గీసింది. గీత దాటితే వెంటనే సర్జన్‌ని పిలవాలి, ఐసీయూకి మార్చాలి. దాటకపోతే చెయ్యి పెట్టొద్దు.

పాపాయి ఆ గీత చూసి, జాకెట్టు కటింగ్‌కి మార్కు పెట్టినట్టుంది, కుట్లకి గుడ్డ వదిలారా అని అడిగింది. డాక్టరమ్మకి అర్థం కాలేదు. నాకు అర్థమై ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం 3

గీత లోపలే ఉంది.

సాయంత్రం 6

కణుపు వైపు దాటినట్టుంది.

సాయంత్రం 6.10

దాటలేదు. నర్సమ్మాయి కూడా చూసింది. నా కళ్లజోడు చెమటకి మసకబారింది. అరగంటకోసారి చూడండి ఆంటీ, నిమిషానికోసారి చూస్తే వేలికి దిష్టి తగులుతుంది అని నవ్వింది. ఆ పిల్ల నవ్వగలుగుతోందంటే ఫర్వాలేదేమో అని ఒక ఆశ.

ఆగస్టు 11, సోమవారం. ఉదయం 7

చీము! గోరు పక్కన పసుపు చుక్క. నిజమైన చీము. ఎరుపు గీత దాటలేదు, వెనక్కి తగ్గింది కూడా.

రిపోర్ట్ ఇంకా రాలేదు. కూర్చోలేకపోతున్నాను.

ఉదయం 9.30

వచ్చాయి. రెండు వందల నలభై!

మామూలు మనిషికి వేలల్లో ఉంటాయట. ఉండనీ. నిన్న ఒక్కటి లేదు. డాక్టరమ్మ రిపోర్ట్ పట్టుకుని స్వయంగా పరిగెత్తుకొచ్చింది, ఒక తలుపు మూయకుండానే రెండోది తెరిచేసి నర్సమ్మాయి చేత చీవాట్లు తింది. వేలు పట్టుకుని, చూడండి చూడండి, ఎంత చక్కగా పట్టిందో అంది. ముగ్గురు ఆడవాళ్లం ఒక చీము చుక్క మీదికి వంగి, పసిబిడ్డకి తొలి పన్ను వచ్చినట్టు మురిసిపోయాం. గొంతులో తెల్లపొర కూడా అదేనట, అక్కడా దిగాయి. పోటు పెరిగింది దానికే.

కారిడార్‌లోకి వచ్చి మా ఆయనకి ఫోన్ చేశాను. చీము పట్టిందండీ, బ్రహ్మాండంగా పట్టింది అని అరిచాను. అటువైపు గొల్లుమన్నాడు. అయ్యో ఏడవకండీ, మంచి చీము, మనం ఎదురుచూసిన చీమే అన్నాను. బెంచీ మీద పెద్దాయన తన మనవరాలిని దగ్గరికి లాక్కుని నాకు దూరంగా జరిగాడు. నాకు సిగ్గేమీ వేయలేదు.

గదిలోకి వచ్చేసరికి పాపాయి చెయ్యి పైకెత్తి పట్టుకుని ఉంది. మీ ఆయనకి చెప్పు వదినా, చిన్నప్పుడు నన్ను, నీకు చీమూ నెత్తురూ లేవే అని తిట్టేవాడు, వచ్చి చూసుకోమను అంది. అని, మరి నన్ను ఇక్కడే ఉంచుతారుగా అంది.

ఉంచుతారు. నేను కూడా ఉంటాను.

ఆగస్టు 13, బుధవారం

పదకొండు వందలు. జ్వరం లేదు. చీము చిన్న గాటుతో తీసేశారు. పాపాయి ఆస్పత్రి గౌను అంచులు తిప్పి చూసి, ఈ కుట్టు కుట్టినవాళ్ల చేతులు విరగ్గొట్టాలి అంది.

ఆగస్టు 16, శనివారం

ఇంటికి వచ్చేశాం. ఆ టాబ్లెట్ ఇక జన్మలో వేసుకోకూడదు, థైరాయిడ్‌కి వేరే వైద్యం చేస్తారు. మా ఆయన వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా శానిటైజర్ సీసాలు వరసగా పెట్టాడు. పాపాయి ఒక్కోదాని దగ్గరా ఆగి, పెళ్లిలో పన్నీరు చల్లించుకున్నట్టు చేతులు చాపుతూ వచ్చింది. మెట్ల దగ్గర నా భుజం పట్టుకుంది. వదిలేయొచ్చు, వదల్లేదు.

ఆగస్టు 22, శుక్రవారం

కింద మిషన్ చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు వింటూ ఉత్తినే నిలబడ్డాను, పాలు పొంగిపోయాయి.

సెప్టెంబర్ 27, శనివారం

పాపాయికి జలుబు. ముక్కు కారుతోంది, గొంతు ఎర్రగా ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఇల్లదిరేలా తుమ్ముతోంది. పొద్దున్నే రక్తపరీక్ష చేయించాం. కణాలన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయట, ఉత్త జలుబేనట. ఆమె తుమ్మినప్పుడల్లా ఇంట్లో అందరం చప్పట్లు కొడుతున్నాం. మీకు మతులు పోయాయా అని తిడుతోంది.