పి.ఓ. బాక్స్ చెల్లదు

పాలకొల్లు వాస్తవ్యులు, కీర్తిశేషులు కొల్లాబత్తుల యాకోబు గారి కుమారుడు, ప్రస్తుతం దోహా నగరం అబూ హమూర్‌లో కాపురముంటున్న సాలమన్ అనే నేను, వయస్సు అరవై ఒకటి, వచ్చే మంగళవారం గుండె ఆపరేషన్‌కు వెళ్ళబోతూ, తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. గుండె బాగాలేదు గాని బుర్ర బాగానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. ఆ రెండో మాట మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. 2022లో రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. అందులో నా కూతురు షెరిన్ పేరు లేదు. ఎందుకు లేదో ఆరో పేరాలో ఉంది.

1. పాలకొల్లులోని రెండు గదుల డాబా, వెనక ఖాళీ స్థలంతో సహా, నా భార్య సుసన్నకు చెందాలి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆవిడదే. మా ఇంట్లో అన్నీ ఆవిడే అమలు చేస్తుంది కనుక ఇందులో కొత్తేమీ లేదు. ఆరో పేరాలోని విషయానికి ఆవిడ మూడేళ్ళ కిందటే ఒప్పుకుంది. నేను ఒప్పుకోలేదని అప్పట్నుంచి చేపల పులుసులో తలకాయ ముక్క నాకు వెయ్యడం మానేసింది. ఆపరేషన్ తరవాత మిగిలితే మళ్ళీ వెయ్యమని కోరుతున్నాను.

2. మా అక్క లూర్దమ్మకు, నేను సెలవుకి వెళ్ళినప్పుడల్లా ఆమె చెప్పి తెప్పించుకునే తెల్లబడే క్రీము డబ్బాలు రెండు, బీరువా పై అరలో ఉన్నవి. ఇరవై ఏళ్ళుగా రాసుకుంటోంది. ఫలితం గురించి ఇక్కడ రాయను. షెరిన్ పెళ్ళి మాట తెలిసినప్పుడు ఆమె ఫోనులో పంపిన మాట మాత్రం రాస్తాను: "తమ్ముడూ, పిల్లకి ఆ నల్లోడే దొరికాడేంటి? రేపు ఫొటో ఎవరికి చూపిత్తాం?" ఆమెను తిట్టుకోవడం తేలిక. ఆ మాట విని నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను, నా మాట ఇంకొకరు అన్నారు కదా అని.

3. నా డ్రాయరులో ఉన్న, కంపెనీ పనివాళ్ళ క్యాంపు గది తాళంచెవి, నంబరు 14, ఆస్టిన్‌కు చెందాలి. షెరిన్ చేసుకుంటానన్న ఆస్టిన్ ఇక్కడ బడిలో లెక్కల మాస్టారు, నా స్నేహితుడు ఆండ్రూ కొడుకు. మామగారు ఎలాంటి మనిషో తెలుసుకోవడానికి ఆ తాళంచెవి పనికొస్తుంది. నేను ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇరవై ఏడేళ్ళు గుమస్తాగిరీ చేశాను. పాస్‌పోర్టును బట్టి జీతం, గది, భోజనం నిర్ణయించే పట్టిక నా చేత్తోనే టైపు చేశాను. తయారుచేసింది నేను కాదు, టైపు మాత్రమే నాది అనేవాణ్ణి. 2014లో ఆండ్రూ సేఫ్టీ మేనేజరుగా చేరడానికి వచ్చాడు. నేను ఫైలు తెరవలేదు, మొహం చూశాను. ఆఫ్రికా నుంచి వచ్చే గార్డుల కోసం ఉంచిన ఎనిమిది మంచాల గది తాళంచెవి చేతిలో పెట్టాను. ఆయన రెండు రోజులు అక్కడే ఉండి, గదిలో పొగ అలారం పనిచేయడం లేదని రిపోర్టు రాసి, మూడో రోజు దాంతోపాటు అమెరికా పాస్‌పోర్టు నా బల్ల మీద పెట్టాడు. అరగంటలో విల్లా వచ్చింది. "ఇక్కడ ఈ పుస్తకం చూపిస్తే నేను తెల్లవాణ్ణి. మా ఊళ్ళో ఇది చూపించినా పోలీసు నా కారు ఆపుతాడు" అన్నాడు. మిగతా ఏడుగురూ ఆ గదిలోనే ఉండిపోయారు. ఆ సంగతి నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

4. నా చేతి గడియారం, ఇక్కడొక అరబ్బు ఇంట్లో కారు నడిపే ఖాసీంకు రాయాలనుకున్నాను. ఆయనది కడప వైపు. ఈ వీలునామాకు సాక్షి అయితే వీలునామాలో ఏదీ దక్కదని వకీలు చెప్పాడని తెలిసి, నిన్ననే వచ్చి తీసుకుపోయాడు. కనుక ఈ పేరాలో పంచడానికి ఏమీ లేదు.

5. నీలం ఫైలులోని ఒక ఇంగ్లీషు ఉత్తరం నకలు షెరిన్, ఆస్టిన్ ఇద్దరికీ కలిపి. దాని కథ ఇది. 2024 అక్టోబరులో ఆండ్రూకు అమెరికాలోని వాళ్ళ ఊరి నుంచి ఓటు కాగితం తపాలాలో వచ్చింది. తిరిగి పంపే కవరు మీద ఒక సాక్షి సంతకం, చిరునామా ఉండాలట. మా ఇంటికొచ్చి నిలబడి, "పెళ్ళికి నీ సంతకం దొరకలేదు. ఓటుకైనా పెడతావా?" అన్నాడు.

పెట్టాను. చిరునామా దగ్గర, ఇన్నేళ్ళూ ప్రతి ఫారంలో రాసినట్టే, కంపెనీ పి.ఓ. బాక్స్ నంబరు రాశాను. ఇక్కడ ఇంటింటికీ పోస్ట్‌మాన్ తిరగడు, చిరునామా అంటే మాకు బాక్స్ నంబరే. అక్కడ మాత్రం సాక్షి నివసించే ఇల్లు కావాలట. ఓటు చెల్లదని ఉత్తరం వచ్చింది, గడువు దాటాక. అవతలి తెల్లవాళ్ళ పేటలో ఇలాంటి తప్పు దొర్లితే ముందుగానే ఫోను చేసి సరిచేయిస్తారనీ, తమ పేటకు ఉత్తరాలే వస్తాయనీ ఆండ్రూ చెప్పాడు. ఆ పేటను నాలుగు ముక్కలు చేసి, ఎక్కడా వాళ్ళ ఓట్లు చాలకుండా నాలుగు నియోజకవర్గాల్లో కలిపారట. టీ గ్లాసు కింది పేపరు మీద గీసి చూపించాడు. ఇప్పుడు రంగు పేరెత్తాల్సిన పని లేదు, వీధుల పేర్లు చాలు అన్నాడు. వాళ్ళ అమ్మను ఓటరుగా చేర్చుకోకుండా చదువు పరీక్షలు పెట్టి, మళ్ళీ రా, మళ్ళీ రా అని తిప్పారట. ఆవిడ 1966లో, ముప్పయ్యో ఏట మొదటి ఓటు వేసింది. ఆ ఇంట్లో అప్పటినుంచి ఒక్క ఓటూ తప్పలేదు, నా సంతకం పడేదాకా. స్కూలు బోర్డుకు నిలబడిన వాళ్ళ పాత టీచరు నాలుగు ఓట్లతో ఓడిపోయింది. ఆ నాలుగింటిలో ఒకటి నాది.

నేను కావాలనే తప్పు రాశానా అని ఆండ్రూ ఇప్పటికీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఆ ఉత్తరం చదివిన రోజు మా నాన్న గుర్తొచ్చాడు. ఓటు చీటీ పట్టుకుని పెద్దల వీధి బడికి వెళ్తే, "నీ ఓటు ఎప్పుడో పడిపోయింది యాకోబూ" అని పంపేసేవారు. ఆయన ఇస్త్రీ చొక్కా విప్పి మడత పెట్టి పొలానికి పోయేవాడు. నేను ఆయన కొడుకుని. అయినా ఆండ్రూ కొడుకుని గుమ్మంలోంచే పంపేశాను.

6. దోహా బ్యాంకులో నా పేరున ఉన్నదంతా, పాలకొల్లు పోస్టాఫీసులో ఉన్నదంతా, నా కూతురు షెరిన్‌కు. 2022లో ఆస్టిన్‌ను చేసుకుంటానని చెప్పింది. మనం ఆర్‌సీఎం కేథలిక్కులం, వాళ్ళు బాప్టిస్టులు, కుదరదన్నాను. అది అబద్ధం. అంతకుముందు ఆమెకు రెండు బాప్టిస్టు సంబంధాలు తెచ్చింది నేనే. అమెరికా సంబంధమని చెప్పుకోవడానికి నాకు ఇష్టమే, ఫొటో చూపించడానికే మొహం చెల్లలేదు. నేనూ ఆస్టిన్ రంగే, ఒక పిసరు ఎక్కువే. షెరిన్ అరవలేదు, ఏడవలేదు. "నువ్వు ఒప్పుకునేదాకా ఆగుతాను. వద్దంటూనే కన్నుమూస్తే నాకదే చివరి మాట నాన్నా. దాన్ని దాటను" అంది. ఆ పిల్ల అన్న మాట మీద నిలబడుతుంది. మంగళవారం నేను బల్ల మీదే పోతే, నా వద్దు అనే మాట నా కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. నాకు ఆపరేషన్ కంటే దాని భయమే ఎక్కువగా ఉంది.

7. ఈ పెళ్ళికి నేను ఒప్పుకుంటున్నాను. నోటితో చెప్పబోయి మూడుసార్లు వాతావరణం గురించి మాట్లాడి వచ్చాను, అందుకని రాస్తున్నాను. వీలునామా మనిషి పోయాకే అమలవుతుందని వకీలు అభ్యంతరం చెప్పాడు. ఈ ఒక్క పేరా చావుదాకా ఆగకూడదు. సంతకాలు కాగానే ఖాసీం ఈ కాగితాన్ని షెరిన్ డ్యూటీ చేసే మందుల షాపుకు తీసుకెళ్ళి ఆమె చేతికివ్వాలి.

8. ఆండ్రూకు ఏమీ రాయలేదు. సాక్షిగా ఉంటావా, ఏదైనా తీసుకుంటావా అని అడిగితే సాక్షిగానే ఉంటానన్నాడు. ఆయనకు తెలుగు రాదు. ఇందులో ఏముందని అడగలేదు. చిరునామా ఎంత వివరంగా రాయాలో మాత్రం రెండుసార్లు అడిగాడు.

దోహా, 14 నవంబరు 2025, శుక్రవారం.

(సంతకం) కొల్లాబత్తుల సాలమన్

మా కళ్ళెదుట సాలమన్ గారు సంతకం చేయగా, ఆయన ఎదుట మేము చేసిన సంతకాలు:

1. ఆండ్రూ. జోన్ 56, వీధి 1142, భవనం 37, రెండో అంతస్తు, ఎడమవైపు తలుపు.

2. షేక్ ఖాసీం. అదే వీధి, భవనం 52, గేటు పక్క డ్రైవరు గది.

(కింద, వేరే చేతిరాతతో)

అందింది. ఏడో పేరా ఆండ్రూ అంకుల్‌కి ఫోనులో ఇంగ్లీషులో చదివి వినిపించాను. వినగానే మళ్ళీ చదవమన్నారు. నాన్నా, పెళ్ళి రిజిస్టరులో సాక్షి సంతకం నువ్వే పెట్టాలి, మంగళవారం తరవాత. పి.ఓ. బాక్స్ చెల్లదు. — షెరిన్