ఐదో అధ్యాయంలో రిపోర్టు

ప్రియమైన పిచ్చుకకి,

అక్క దీవెనలు. మేం క్షేమమనీ, నువ్వూ క్షేమమని తలుస్తామనీ రాయాలి కాబట్టి రాస్తున్నాను. నా వరకు అది నిజమే. అమ్మ సంగతి తర్వాత రాస్తాను, ముందే కాగితం తిరగేసి చూడకు. చిన్నప్పుడు నా కథల పుస్తకాల్లో ఆఖరి పేజీ చదివేసి, నేను సగంలో ఉండగా ముగింపు చెప్పేసేదానివి. ఆ బుద్ధి ఇంకా పోయి ఉండదు.

ముందు నీ ప్రశ్నలు. చిగుళ్ళలోంచి రక్తం వస్తోందని రాశావు. ఆ దీవిలో మీ వాతావరణ కేంద్రం వాళ్ళు మూడు నెలలుగా డబ్బా తిండే పెడుతుంటే రాక ఏం చేస్తుంది? ఈ పడవలో రెండు డజన్ల నిమ్మకాయలు పంపుతున్నాను. చల్లటి నీళ్ళలోనే పిండుకో, విటమిన్ సి వేడికి నిలవదు. ఐరన్ మాత్ర టీతో మింగుతున్నానన్నావు. టీ దాన్ని ఒంటికి పట్టనివ్వదే. గంట ఆగి, నిమ్మరసంతో వేసుకో. నీరసంగా ఉందని మీ వంటాయన ఇచ్చిన మాత్రలన్నీ మాత్రం మింగకు. పడవలో వచ్చే డాక్టరుకి రక్తం ఇచ్చి, ఏది తక్కువుందో తెలిశాకే మాత్ర. అక్క చెప్పిందని కూడా మింగకు.

ఇంట్లో గడపలన్నీ తీయించేశాం. చక్రాలకి అడ్డం వస్తున్నాయి. మీ బావ కుర్చీకి చక్రాలు బిగించి, మొదట తనే కూర్చుని హాలంతా తిరిగి చూపించాడు. అమ్మ నవ్వలేదు. "పోనీలే, అల్లుడికి ఇన్నాళ్ళకి చేతనైన పని దొరికింది" అంది.

అవును, అమ్మ నడవడం లేదు.

ఏడాది కిందట అరికాళ్ళు మొద్దుబారాయని మొదలుపెట్టింది. చెప్పు ఊడిపోయినా తెలియక ఒంటి చెప్పుతో వీధి చివరిదాకా వెళ్ళిపోయేది. నాలుక ఎర్రగా, నున్నగా అయిపోయింది. మనుషుల్ని పోల్చుకోలేకపోయేది. మా కాలేజీ ల్యాబులో రక్తం పరీక్ష చేయించాను. బి-12 ఉండాల్సినదాంట్లో మూడో వంతు కూడా లేదు. మనిషికి రోజుకి కావలసింది ఆవగింజలో వెయ్యో వంతు, అంతే. ఆ కాస్తా అమ్మ కడుపు పీల్చుకోలేకపోతోంది. సూదులు వేయిస్తే సరిపోయేది.

రిపోర్టు తెచ్చిన సాయంత్రం గుమ్మంలో నన్ను చూసి, "వచ్చావా పిచ్చుకా, ఇలా కూర్చో" అంది. కూర్చున్నాను. నా జుట్టులో వేళ్ళు పెట్టి, ఒక్కొక్క చిక్కే తీసింది. నాకు నలభై నాలుగేళ్ళు. అంతకుముందు నా తలమీద అమ్మ చెయ్యి పడిన గుర్తు లేదు. నీకు జడ వేస్తుంటే దువ్వెన అందించిన గుర్తుంది. "అలా మిడిగుడ్లేసుకుని చూస్తావేమే, అవతలికి పో" అన్న గుర్తుంది.

రిపోర్టు నా పాఠ్యపుస్తకంలో, విటమిన్ల గురించి ఉండే ఐదో అధ్యాయంలో పెట్టాను.

అమ్మ బాగా పాలిపోయిందని పక్కింటావిడ రెండుసార్లు అనేసరికి ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి మొహంలో రంగు వచ్చింది. కూతుళ్ళంటే ఇలా ఉండాలని ఆవిడ వీధంతా చెప్పుకొచ్చింది. నర్సింగ్ పిల్లలకి ఏటా రెండుసార్లు చెప్పి రాయించే వాక్యం ఒకటుంది నాకు: బి-12 లేని మనిషికి ఒట్టి ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం బాగుపడుతుంది, నరాలు చచ్చిపోతూనే ఉంటాయి. పదహారేళ్ళుగా రాయిస్తున్నాను. ఈ ఏడాదీ రాయించాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "తెలిసి తెలిసి ఎవరైనా ఇస్తారా మేడమ్?" అని అడిగింది. అది పరీక్షలో రాదు, కూర్చోమన్నాను.

కావాలని చేశానా, పనుల్లో పడి మరిచిపోయానా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కొన్ని రోజులు మరిచిపోయాననే నమ్మకం కుదురుతుంది. అప్పుడు ఐదో అధ్యాయం తెరిచి చూస్తాను. కాగితం అంచుకి అంచు కలిపి నాలుగు మడతలు పెట్టి ఉంటుంది. మరిచిపోయేవాళ్ళు అంత పొందిగ్గా మడవరు.

అమ్మ నన్ను తలుచుకుంటోందా అని అడిగావు కదా. ఎనిమిది నెలలు రోజూ నిన్నే పిలిచింది. నేను పలికాను.

స్నానాలగదిలో పడ్డాక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఏం మందులు వాడుతున్నారని డాక్టరు అడిగాడు, చెప్పాను. మీరేం చేస్తుంటారన్నాడు. పాఠాలు చెబుతానన్నాను. ఏ సబ్జెక్టన్నాడు. పోషకాహారం అన్నాను. పెన్నుకి మూత పెట్టి నా వంక కాసేపు చూశాడు.

సూదులు మొదలై మూడు నెలలైంది. ఇప్పుడు వారానికొకటి, నేనే వేస్తాను. మతి పూర్తిగా తిరిగొచ్చింది. కాళ్ళు రావన్నారు. తెలివొచ్చిన మొదటి రోజు అమ్మ నన్ను పోల్చుకుని, "నువ్వా" అంది. నా జుట్టులోంచి చెయ్యి తీసేసుకుంది.

నిన్న కాళ్ళకి వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చింది. నేను సిరంజితో గదిలోకి వస్తున్నాను. అమ్మ ఆ అమ్మాయితో అంటోంది: "చిన్నది ఉన్నన్నాళ్ళూ నడిచానమ్మా. పిలిస్తే వచ్చి పక్కన కూర్చునేది, తల దువ్వనిచ్చేది. ఇది వచ్చింది, అది వెళ్ళిపోయింది, కాళ్ళూ పోయాయి."

మీ చెల్లెలు ఎంత మంచివారండీ, అంది ఆ అమ్మాయి నాతో. అవునన్నాను. అమ్మని చెయ్యి చాపమన్నాను. సూది కాస్త మొరటుగానే గుచ్చాను. అదీ నీకు తెలియాలి.

వచ్చే నెల నువ్వొస్తే అమ్మ నీ తల నిమురుతుంది, నేను పక్కన కూర్చున్నందుకు. కాదనకు. రిపోర్టు ఈ కవరులోనే పెట్టాను, తేదీతో సహా. అది అమ్మకి చూపిస్తే కాళ్ళు తీసింది నేనని తెలుస్తుంది, ఆ ఎనిమిది నెలలు దువ్వింది నా జుట్టేనని కూడా తెలుస్తుంది. చూపించకపోతే రెండూ తెలియవు. నాకేది కావాలో తేల్చుకోలేక నీకు పంపేస్తున్నాను.

ఇట్లు,
అమ్మ ‘ఇది’ అనే
నీ అక్క