ఫ్యాను గాలి

అక్కా,

అమ్మ చివరి చూపుకు రాలేదని "నీది గుండె కాదురా, బండ" అని రాశావు. ఎందుకు రాలేదో చెబుతాను. బావకు మాత్రం చదివి వినిపించకు, నవ్వుతాడు.

ఈ జైల్లో వారానికోసారి ప్రార్థన పెడతారు. మన మతం వాళ్లకు రేకుల షెడ్డు. అవతలి మతం వాళ్లకు స్టాండు ఫ్యాను ఉన్న గది. పోయిన ఎండాకాలం ఉక్క తట్టుకోలేక రిజిస్టరులో నా మతం మార్పించుకున్నాను. దేవుడి కోసం కాదు, గాలి కోసం.

మంగళవారం ఆ గది గురువుగారు నా దగ్గరికి వచ్చారు. ప్రార్థన లేని రోజు ఆయన వచ్చారంటే ఎవరో పోయినట్టే. నోరు తెరవకముందే "అమ్మేనా?" అన్నాను. తలూపారు.

సెలవు అడిగాను. జైలరు రిజిస్టరు తిరగేసి, "నీ మతం వేరు, ఆవిడ అంత్యక్రియలు వేరు. నీకక్కడేం పని?" అన్నాడు.

"కన్నతల్లండీ."

"అది రిజిస్టరులో లేదు."

చేసుకున్నవాడికి చేసుకున్నంత అనేది అమ్మ. గురువుగారు పక్కనే ఉన్నారు. ఒక్క మాట అంటే పని జరిగేది. గోళ్లు చూసుకుంటూ నిలబడ్డారు. బయటికొచ్చాక మాత్రం భుజం తట్టి, "ప్రార్థనకు రా నాయనా, అమ్మ కోసం కూడా చేద్దాం" అన్నారు.

వెళ్లాను. వెళ్లకపోతే హాజరు తగ్గి, సత్ప్రవర్తన మార్కులు పోయి, విడుదల వెనక్కి పోతుంది. గాలి తగలని మూల చూసుకుని కూర్చున్నాను. గురువుగారు నన్ను చూసి జాలిపడ్డారు. లేచి వచ్చి, ఫ్యాను నా వైపు తిప్పి వెళ్లారు.

నీ తమ్ముడు