మొక్కిన బరువు

నరసరావుపేట

అత్తయ్యకు నాగవేణి నమస్కారాలు. ఇక్కడ నా మోకాళ్లు తప్ప అందరం బాగున్నాం.

ఫోన్లో చెబితే నీకు వినపడదు, మా వీధి మొత్తానికి వినపడుతుంది. వాట్సాప్‌లో పెడదామంటే నీ ఫోన్‌కు అది రాదు. అందుకే ఈ ఉత్తరం. గుంటూరులో నాకు బరువు తగ్గే ఆపరేషన్ చేస్తామంటున్నారు. కడుపులో చాలా భాగం కోసేసి అరటికాయంత మిగులుస్తారట. షుగరు అదుపులోకి రావాలన్నా, మోకాళ్లు నిలవాలన్నా ఇదే మంచిదని డాక్టరు గారి మాట. కుట్టు మిషను ముందు నుంచి లేవాలంటే ఇప్పుడు మా ఆయన వచ్చి చెయ్యి పట్టుకొని లాగాలి.

నా భయమల్లా అది పని చేస్తుందా అనే. కొర్రలు తిన్నాను, తేనె నిమ్మరసం తాగాను, పొద్దున్నే స్టేడియం చుట్టూ తిరిగాను. అరిగింది చెప్పులే. కడుపు కోయించుకొని కూడా ఇలాగే ఉంటే నలుగురిలోకి ఏ మొహంతో వెళ్లను? పక్కింటి ఇందిరక్క చుట్టాలావిడకు తగ్గిందంతా మళ్లీ వచ్చిందట. పుట్టినప్పటి నుంచీ పెంచినదానివి, నీకు చెప్పకుండా ఆ ఆపరేషన్ బల్ల ఎక్కలేను.

నీ మేనకోడలు,
నాగవేణి

తా.క. సున్నుండలు పంపుతావేమో, వద్దు.

---

గురజాల

నాగవేణికి, కళ్లజోడు రెండుసార్లు తుడుచుకొని అత్తయ్య పంపుతున్న దీవెనలు.

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. సాయంత్రానికి సయించింది. పొద్దున్నే గుడికెళ్లి మొక్కేశాను. పని అయ్యాక నీకు బెల్లంతో తులాభారం. త్రాసులో ఒకవైపు నువ్వు, రెండోవైపు నీ బరువంత బెల్లం. స్వామికి నీ సైజు చేతులు చాపి చూపించాను కూడా. బక్కపలచని వాళ్లు మొక్కితే ఆయనకు ఏమొస్తుంది, నీదైతే కాస్త ముందుగా పట్టించుకుంటాడు.

గులాం మొహిద్దీన్ కొట్లో బెల్లం చెప్పొచ్చాను. "ఎంత కావాల అక్కా?" అన్నాడు. "మా నాగవేణంత" అన్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కొని, "అయితే అనకాపల్లికి కబురు పెట్టాల" అన్నాడు.

ఇక భయపడటం నా పని, నువ్వు హాయిగా ఉండు.

అత్తయ్య లక్ష్మీతిరుపతమ్మ

తా.క. సున్నుండలు పంపలేదు. అరిసెలు పంపుతున్నాను.

---

నరసరావుపేట

అత్తయ్యకు, ఆకలిగా ఉన్న కోడలి నమస్కారాలు.

నువ్వు మొక్కావని చదివి మిషను మీద తలపెట్టుకొని ఏడ్చాను. ఎవరిదో పట్టు జాకెట్టు గుడ్డ తడిసింది. నాకోసం ఇంత ఆలోచించేవాళ్లు ఒకరున్నారు, అది చాలు.

ఆపరేషన్‌కు ముందే కొంత తగ్గాలని మజ్జిగ, పాలు, సూపుల మీద ఉంచారు. అప్పుడే నాలుగు కిలోలు తగ్గాను. డాక్టరు గారు మెచ్చుకున్నారు. సోమవారం ఆపరేషన్.

నాగవేణి

తా.క. అరిసెలు మా ఆయన తిన్నారు. ఆయన ప్యాంటుకు ఇప్పుడు హుక్కు పట్టడం లేదు.

---

గురజాల

ఏమే నాగవేణీ, దీవెనలు తర్వాత, ముందు ఇది చదువు.

నిన్ను అప్పుడే ఎవరు తగ్గమన్నారు? నేను మొక్కింది నిండు నాగవేణికి. నువ్వు తగ్గే ప్రతి కిలో దేవుడి బెల్లమే కదా. పూజారి గోపాలకృష్ణయ్య గారిని అడిగితే, "మొక్కిన రోజు ఎంతుందో అంతా ఇయ్యాలమ్మా, తర్వాత తగ్గిందంటే కుదరదు" అన్నారు. ప్రసాదం సంగతి ఆయన కన్నా ఎవరికి తెలుసు?

అందుకని మళ్లీ గుడికెళ్లి ఇంకో మనవి చేసుకున్నాను. తులాభారం అయ్యేదాకా పిల్ల బరువును ఉన్నచోటే పట్టి ఉంచు స్వామీ అని. నువ్వు ధైర్యంగా ఆపరేషన్‌కు వెళ్లు.

అత్తయ్య

తా.క. ఈ నెయ్యి సీసా తినడానికి కాదు, బరువు నిలబెట్టడానికి.

---

గుంటూరు నుంచి ఒక కార్డు

అత్తయ్యకు, ఆపరేషన్ అయింది. లేచాను, నడిచాను. రెండు చెంచాల నీళ్లు తాగితే కడుపు నిండిపోయింది. ఇంటికి వెళ్లాక రాస్తాను. నాగవేణి.

---

నరసరావుపేట

అత్తయ్యకు కోపంతో ఉన్న కోడలి నమస్కారాలు.

మొదటి రెండు వారాలు బాగానే తగ్గాను. తర్వాత కాటా ముల్లు ఆగిపోయింది. రోజూ పొద్దున్నే ఎక్కి చూస్తున్నాను, గుండు సూదంత కూడా కదలడం లేదు. తినేది పిచ్చుక తిండి, బరువు మాత్రం ఏనుగుది. ఆపరేషన్ దండగైపోయిందని నిన్న స్నానాల గదిలో కూర్చొని ఏడ్చాను. మూడో వారంలో చాలామందికి ఇలా ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది అంటున్నారు డాక్టరు గారు. కానీ నాకు నీ మనవి గుర్తొచ్చింది. డాక్టరు మాట నమ్మాలో, నీ పలుకుబడి నమ్మాలో తెలియడం లేదు.

దయచేసి వెంటనే గుడికెళ్లి ఆ మనవి వాపసు తీసుకో.

నాగవేణి

తా.క. నెయ్యి కూడా మా ఆయనే తిన్నారు. రెండో ఆపరేషన్ ఆయనకే చేయించాలేమో.

---

గురజాల

నాగవేణికి, తప్పు చేసిన అత్తయ్య దీవెనలు.

వాపసు తీసుకున్నాను. మాట మార్చినందుకు గుంజీళ్లు తీయబోతే నా వయసు చూసి పూజారి గారే వద్దన్నారు.

నువ్వు కూడా ఆ కాటా ఎక్కడం మానెయ్యి. పొద్దున్నే దాని మొహం చూస్తే ఏమొస్తుంది? టేపు తీసి నీ నడుం కొలుచుకో. నువ్వు కుట్టుపని చేసుకునేదానివి, కిరాణా కొట్టు నడిపేదానివి కాదు.

అత్తయ్య

---

నరసరావుపేట

అత్తయ్యకు నాగవేణి నమస్కారాలు, ఎన్ని పెట్టినా తక్కువే.

ఆ రోజు నీ మాట విని టేపు చుట్టుకుంటే నడుం నాలుగు వేళ్లు తగ్గింది. తర్వాత వారానికే ముల్లూ కదిలింది. ఈ ఆరు నెలల్లో ఎంత తగ్గానంటే, నా ఒంట్లో నుంచి నీ అంత మనిషి దిగి వెళ్లిపోయింది. షుగరు మాత్రలు సగం తీసేశారు. మిషను ముందు నుంచి నా అంతట నేనే లేస్తున్నాను. ఊరికే లేచి, మళ్లీ కూర్చొని, మళ్లీ లేచి చూసుకుంటున్నాను.

తులాభారం మాత్రం ఇంకో ఏడాది ఆగుదాం అత్తయ్యా. ఆపరేషన్ గెలిచిందో లేదో అప్పుడు గానీ తెలియదు. ఊరంతా చూస్తుండగా త్రాసు ఎక్కి, తర్వాత మళ్లీ లావైతే నీకూ దేవుడికీ తలవంపులు. కోరిక తీరకుండానే మొక్కు తీర్చినట్టవుతుంది.

నాగవేణి

---

గురజాల

నాగవేణికి దీవెనలు. ఈసారి కళ్లజోడు ఎంత తుడిచినా మసకగానే ఉంది.

ఏడాది ఆగేదేంది? నేను కోరింది తీరి ఆరు నెలలైంది. నువ్వు సన్నబడాలని మొక్కానని నీకు ఎవరు చెప్పారు? మీ అమ్మ నిన్ను కనడానికి ఆస్పత్రికి వెళ్లి, బల్ల మీద నుంచి మళ్లీ లేవలేదు. నిన్ను తెచ్చి నా చేతుల్లో పెట్టారు. అందుకే ఆ పొద్దు స్వామితో, "నా పిల్ల ఆ బల్ల మీద నుంచి లేచి నాకు ఉత్తరం ముక్క రాయాల" అన్నాను. అంతే. లావు సన్నం ఊసే ఎత్తలేదు. సైజు చూపించింది బెల్లం కోసం.

గుంటూరు నుంచి నీ కార్డు వచ్చిన రోజే నీ ఆపరేషన్ గెలిచిందే పిచ్చిదానా. రేపు మళ్లీ ఒళ్లు చేస్తే చేస్తావు, అప్పుడు మాత్రం నా పిల్లవి కాకుండా పోతావా?

దేవుడి వాటా గురించి పూజారి గారితో మాట్లాడాను. నువ్వు తగ్గింది నా అంతే అని రాశావుగా, కాబట్టి తట్టలో నీ పక్కన నేనూ కూర్చుంటాను. మిరప బస్తాలు తూచే పెద్ద త్రాసు మాట్లాడాను. ఆదివారం నువ్వూ మీ ఆయనా వచ్చేయండి.

మీ అత్తయ్య లక్ష్మీతిరుపతమ్మ

తా.క. ఆదివారం దాకా ఇంక ఏమీ తగ్గకు. ఇక్కడ మూడు పూటలా నేనే తినాల్సి వస్తోంది.