వరసలో మొదటి చోటు

మార్చి 12, సోమవారం

చిరంజీవి కోడలికి మామయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ, నా మోటారుసైకిలూ, మెట్లకింద నీ డబ్బా స్కూటరూ, ముగ్గురం కులాసా. అక్కడ ఆసుపత్రిలో నువ్వూ, నీ కాలికట్టూ, నీకు కాపలా ఉన్న మావాడూ కులాసా అనుకుంటాను. ఫోనులో చెబుదామంటే నువ్వు పకపకా నవ్వుతావు, నవ్వితే కుట్లు లాగుతాయని డాక్టరమ్మ చెప్పింది. ఉత్తరమైతే ఆగి ఆగి నవ్వుకోవచ్చు.

కాలు విరిగినందుకు నీ కంట చుక్క రాలేదు. సముద్రం దగ్గర జరిగే స్కూటర్లవాళ్ళ కలయికకి నీ బండి వెళ్ళకపోతే వరసలో మొదటి చోటు పోతుందని మాత్రం దిండు తడిపేశావట, మావాడు చెప్పాడు. పాత ఇనుము కొట్లోంచి తెచ్చిన బండిని గీకి, తోమి, ఇంజను విప్పి బిగించి నువ్వు సంపాదించుకున్న చోటది. ఒక్క ఏడు బండి రాకపోయినా తరవాతివాళ్ళదైపోతుందని మీవాళ్ళ కట్టుబాటు. అందుకని ఎవరో ఒకణ్ణి కుదిర్చి నీ బండి పంపించాను. ఏం వెలగబెడతాడో చూద్దామని నిన్న నా మోటారుసైకిలు మీద వెనకాలే వెళ్ళాను. నీ డబ్బా నేనెక్కిన రోజున మీసం తీయించుకుంటానని నువ్వీ ఇంటికొచ్చిన కొత్తలోనే అన్నాను కదా. మా వంశంలో మాట తప్పినవాడు లేడు.

ఆ కుదిరినవాడున్నాడే, శుద్ధ మొద్దు. స్కూటరుకి గేరు ఎడమచేతి పిడిలో ఉంటుందని తెలిసి కూడా దారి పొడుగునా ఎడమకాలితో గాలిని తొక్కుతూనే ఉన్నాడు. ఆ తొక్కుడికి చెప్పు ఊడి రోడ్డు మీద పడితే, బండి ఆపి వెనక్కి నడిచి తెచ్చుకున్నాడు. సైకిలు మీద పోతున్న బడిపిల్ల టాటా చెప్పి మరీ దాటిపోయింది.

తీరా లైట్‌హౌస్ దగ్గర బండ్లన్నీ వరస కట్టాక నీ డబ్బా మొరాయించింది. ఎంత కిక్కు కొట్టినా తుమ్మడమే గానీ లేవదు. రెండో చోటులో పసుపుపచ్చ బండి మీద పళ్ళ డాక్టరొకాయన, ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి, కాస్త పక్కకి జరిగితే మేం కదులుతామన్నాడు. అప్పుడు నువ్వు రోజూ పొద్దున్నే చేసే పని గుర్తొచ్చింది. బండిని ఒక పక్కకి బాగా వంచి, కాసేపలాగే పట్టుకుని, నిలబెట్టి కిక్కు కొట్టడం. బండికి జోలపాట పాడుతున్నావా అని నేను కిటికీలోంచి వెక్కిరించేవాణ్ణే, అదే. ఒక్క కిక్కుకి లేచి కూర్చుంది. డాక్టరుగారి నోరు మూతపడింది.

ఇక చూడు! ఒక పక్క సముద్రం, వెనకాల కనుచూపుమేర స్కూటర్లు, అన్నిటికంటే ముందు నీ డబ్బా. అంతా అయ్యాక ముసలి మెకానిక్కు ఒకాయన వచ్చి, ఇంజను దగ్గర చెవి పెట్టి విని, ఇది బిగించిన చెయ్యి ఎవరిదని అడిగాడు. మా కోడలిదని చెప్పాను. వినపడలేదన్నాడు. మీసం మెలేసి మళ్ళీ చెప్పాను, ఈసారి సముద్రానికి కూడా వినపడి ఉంటుంది. నలభై ఏళ్ళుగా మోటారుసైకిలు తోలుతున్నాను గానీ, అమ్మాయ్, నాకు ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు. నీ చోటు నీకే ఉంది. దిగులు మానేసి వేళకి మందులు వేసుకో.

ఇట్లు
నీ మేలు కోరే
మామయ్య

తా.క.: ఇది మావాడికి చూపించకు. నేనెవర్నీ కుదర్చలేదు. నా మోటారుసైకిలు నిన్నంతా ఇంట్లోనే ఉంది. ఆ మొద్దుని నేనే. వచ్చే ఆదివారం నిన్ను చూడటానికి వస్తాను, నున్నటి మూతితో ఎవడో ముసలాడొచ్చాడని నర్సమ్మని కేకెయ్యకు. ఈ పొద్దున్నే సెలూనుకి వెళ్ళి మాట నిలబెట్టుకున్నాను. మోటారుసైకిలుకి అలవాటుపడ్డ ఎడమకాలు గేరు వెతుక్కోవడం మానేసింది గానీ, నీ సంగతి ఎవరు అడిగినా చెయ్యి మూతి మీదికి పోతోంది. మెలేద్దామంటే అక్కడేమీ లేదు.