పటానికి గంధపు దండ

వదినా,

ఫోన్ చేస్తే ఇదీ నా తమాషానే అంటావని చీటీ రాసి సర్జాపురకు పంపిస్తా ఉండాను.

నువ్వు అక్కడ కూతురింటికి పోయినాక హాల్లో ఉండే నీ పటానికి గంధపు దండ వేసినా. అదే, బిడ్డను పోగొట్టుకున్న రాణి వేషంలో నిన్ను రంగులతో గీసిన పటం. నువ్వొచ్చి చూసి చీపురెత్తుకోని తరుముతావనుకున్నా.

నిన్న మీ నాటకాల గురుమూర్తన్న వచ్చినాడు. దండ చూసి గడప దగ్గరే చెప్పులిడిచి, "ఎప్పుడు పోయిందప్పా?" అని ఏడ్చినాడు. ఉగాది నాటకంలో మళ్లా నీకే ఆ వేషం ఇద్దామని వచ్చినాడంట. నేను నవ్వు ఆపుకోని, మొగం దించుకోని నిలబడినా. ఇంకా కొంచేపు ఏడవనీ అనుకున్నా వదినా, అదే నా బుద్ధి. తర్వాత "బతికే ఉండాదన్నా" అంటే, "పోయినోళ్ల మీద కూడా పరిహాసమా?" అని చెయ్యి విదిలించుకోని పోయినాడు. ఇప్పుడు నా ఫోన్ ఎత్తడు. ఆ వేషానికి ఇంకొకామెను వెతుకుతా ఉండాడంట.

నా మాట ఎవురూ నమ్మరు. నువ్వే ఫోన్ చేసి ఆ రాణి ఏడుపు పద్యం ఒకటి పాడు. గొంతు వింటే నమ్ముతాడు.

దండ తీసేసినా. పటం ఎదురుగా కూడు దిగక, వంటింట్లో కూర్చోని తింటా ఉండాను.

నీ మరిది