అద్దం లేని వ్యాన్

శ్రీపతీ, వ్యాన్ తాళం కోసం వెతకకు, నేనే పట్టుకపోతున్న. కూలోళ్లను ఇయ్యాల అహ్మదిల పని కాడ నేనే దింపుత. నువ్వు రూంల ఉండు. గంజుల పప్పున్నది, వేడి చేసుకొని తిను.

మొగులు నిన్నటి లెక్కనే నల్లగున్నది. మన దిక్కు రాళ్లవాన పడితే చేను పాయెనని ఏడుస్తం. ఇక్కడ నిన్న రోడ్డంత తెల్లగైతే అందరు నడిమిట్ల బండ్లు ఆపి ఫోటోలు దిగిన్రు. నువ్వు గూడ తలుపు తీసి దిగినవు. "మామా, కువైట్ల మంచు! రాధకు పంపుత" అన్నవు. గంతల్నే ఒక జీపోడు ఒక చేతుల ఫోన్ పట్టుకొని జారుకుంట వచ్చిండు. నీ పక్కపొంటి పోయి వ్యాన్ సైడు అద్దం ఎగరగొట్టిండు. నువ్వు నవ్వినవు.

నా బిడ్డ రాధకు ఎనిమిదో నెల నడుస్తున్నది. నాకు మాటలు చెప్పుడు రాదు, అందుకే తాళం తీసుకున్న.

మామ

షువైఖ్ గ్యారేజీల అద్దం రేపు పెడతమన్నరు. ఇయ్యాల ఎనుక నుంచి వచ్చేటోడు నాకు కనవడడు, మెల్లగ పోత. నడిపేటప్పుడు ఫోన్ ఎత్తను. పొద్దుగూకినా రాకుంటే అప్పుడు చెయ్యి.